గేటు బయట మూడు శ్వాసలు

నాకు కోపం ఎక్కువ. మారేడ్‌పల్లిలో మా వీధిలో ఎవరిని అడిగినా ఈ ముక్క చెబుతారు. ముప్ఫై నాలుగేళ్ళు బడిలో లెక్కలు చెప్పాను. రిటైరయ్యే ఏడాది ఎనిమిదో తరగతి పిల్లను ఒకదాన్ని డస్టరుతో కొట్టాను. అది చేసిన తప్పేమిటో ఇప్పుడు గుర్తు లేదు. దాని కణత మీద సుద్దపొడి తెల్లగా అంటుకుని, ఆ తెలుపు మధ్యలోంచి ఎర్రగా వాచడం మాత్రం గుర్తుంది. ఆ సాయంత్రం నేనే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన బీపీ చూసి, మాత్ర రాసి, శ్వాస మీద ధ్యాస నిలపడం నేర్పే క్లాసులున్నాయి, వెళ్ళి చూడండి అన్నాడు.

వెళ్ళాను. మా చర్చి సంఘంలో ఆడవాళ్ళు నవ్వారు. "ప్రార్థన చాలదా అక్కా, ముక్కు కూడా పట్టుకోవాలా?" అన్నారు. పట్టుకోనక్కర్లేదు, ఊపిరి వచ్చిపోవడం ఊరికే గమనిస్తే చాలునని చెప్పి చెప్పి విసిగి ఊరుకున్నాను. నాకైతే పనిచేసింది. కోపం పోలేదు గానీ, కోపానికీ నోటికీ మధ్య కాస్త జాగా దొరికింది.

దొరికినదాన్ని నా దగ్గరే ఉంచుకుంటే బాగుండేది. టీచరు బుద్ధి కదా, నేర్చుకున్నది పదిమందికీ చెప్పకపోతే తిన్నది అరగదు. జైలు నుంచి విడుదల కాబోయే ఖైదీలకు ఆ పాఠం చెప్పడానికి మనుషులు కావాలని క్లాసు నడిపేవాళ్ళు అడిగితే, తగుదునమ్మా అని చెయ్యెత్తాను. అప్పటికి మా ఆయన పోయి రెండేళ్ళు. ఇంట్లో గోడలతో మాట్లాడే బదులు జైలు గోడలతో మాట్లాడితే పుణ్యమైనా వస్తుందనుకున్నాను.

జైలు ఊరికి అటు చివర. ప్రతి బుధవారం రైల్వే స్టేషన్ దగ్గర బస్సు మారి వెళ్ళేదాన్ని. సంచీ వెతికించుకుని, పెద్ద గేటులో ఉన్న చిన్న తలుపులోంచి తల వంచుకుని లోపలికి పోవాలి. మొదటిరోజు వంచడం మరిచి నుదురు కొట్టుకున్నాను. "అందరికి ఒకసారి తగుల్తది మేడం" అన్నాడు అక్కడి ముసలి వార్డరు, అదీ లెక్కలో ఒక భాగమన్నట్టు.

క్లాసు ఒకప్పుడు మగ్గాలుండిన హాల్లో. ఆర్నెల్లలో బయటికి పోయే అవకాశం ఉన్నవాళ్ళు ముప్ఫై మంది దాకా వచ్చేవాళ్ళు. చాలామంది జీవితఖైదీలే. మంచిగా నడుచుకున్నందుకు శిక్ష తగ్గి, పేరు జాబితాలో వస్తుందని ఎదురుచూస్తున్నవాళ్ళు. నేను అలవాటు ప్రకారం వరుసలుగా కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమన్నాను. ఒక్కరూ మూయలేదు. "ఏం, కళ్ళు మూసుకోవడం కూడా నేర్పాలా?" అని గద్దించాను. ముసలి వార్డరు నా పక్కకు వచ్చి మెల్లగా చెప్పాడు.

"ఎనక మనిషుంటే ఈడ ఎవ్వడు కండ్లు మూయడు మేడం. ఏండ్ల అలవాటు."

సిగ్గేసింది. మరుసటి వారం వరుసలు తీసేశాను. అందరినీ నాలుగు గోడలకూ వీపులు ఆనించి కూర్చోబెట్టి, ఖాళీ హాలు నడిమధ్య కుర్చీ వేసుకుని నేనొక్కదాన్నే కూర్చున్నాను. అప్పుడు మూశారు. ఒక్కడు తప్ప.

అతను కిటికీ కింద కూర్చునేవాడు. నలభై ఐదేళ్ళుంటాయి. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో హమాలీగా బస్తాలు మోసిన మనిషి. ఒక భుజం రెండోదాని కంటే కిందికి దిగి ఉండేది. అందరూ కళ్ళు మూసుకున్న పావుగంట సేపూ అతను నేలను చూస్తూ ఉండేవాడు. మర్యాదగానే కూర్చునేవాడు గానీ, నాకు ఒళ్ళు మండేది. క్లాసులో ఒక్కడు మాట వినకపోతే మిగతా ముప్ఫై మంది వినడం నా కళ్ళకు ఆనదు.

"ఏం బాబూ, కళ్ళు మూస్తే ఎవరైనా ఎత్తుకుపోతారా నిన్ను?" అని అడిగేశాను ఒకరోజు.

"మూస్తే మంచిగుండదు టీచరమ్మా."

"మూసి చూడు. తర్వాత చెబుదువుగాని."

"కూసుండుమన్నరు, కూసుంటున్న. ఊపిరి చూడుమన్నరు, చూస్తున్న. కండ్లొక్కటి ఇడిచిపెట్టుండ్రి."

నేను విడిచిపెట్టలేదు. విడిచిపెట్టడం నా ఒంట్లో లేదు. ప్రతి బుధవారం అదే అడిగాను. బుజ్జగించాను, ఎగతాళి చేశాను, ఒకసారి తిట్టాను కూడా. ఏడో వారం మూశాడు. రెప్పలు అదురుతున్నాయి, చొక్కా మెడ దగ్గర చెమటకు తడిసింది, అయినా మూసే ఉంచాడు. ఆ రోజు తిరుగు బస్సులో, మూడుసార్లు తప్పిన మొద్దబ్బాయి పదోతరగతి గట్టెక్కినంత సంబరపడ్డాను.

ఆ తర్వాత నుంచి క్లాసయ్యాక చాపలు చుట్టే పని అతనే చేసేవాడు. చుడుతూ చుడుతూ తన సంగతి చెప్పాడు, వారానికి కాస్త. పదమూడేళ్ళ కిందట బన్సీలాల్‌పేట్‌లో వాళ్ళ గదిలో సొంత తమ్ముణ్ణి చంపాడు. తమ్ముడు తాగొచ్చి, వదిన గురించి ఒక మాట అన్నాడు. ఇతని చేతిలో ఆలుగడ్డ బస్తాలు లాగే ఇనుప కొక్కెం ఉంది. ఒక్క దెబ్బ. ఆస్పత్రి దాకా కూడా పోలేదు ఆ ప్రాణం.

"ఒక్క మాట టీచరమ్మా. ఇప్పుడు యాది చేసుకుంటే గంత పెద్ద మాట సుత కాదది."

గదిలో అప్పుడు అతని కూతురుంది. ఆరేళ్ళ పిల్ల. అతను జైలుకొచ్చిన నాలుగేళ్ళకు భార్య జబ్బు చేసి పోయింది. పిల్లను అమ్మమ్మ పెంచింది, అదే పేటలో. ఈ పదమూడేళ్ళలో ఆ పిల్ల ఒక్కసారి కూడా తండ్రిని చూడడానికి రాలేదు. రమ్మని ఇతనూ కబురు పెట్టలేదు.

"నాకు ఇంకేమొద్దు టీచరమ్మా. నేను బయటికొచ్చిన రోజు నా బిడ్డ గేటు కాడికి రావాలె. ఇంటికి తీస్కపోతే తీస్కపోతది, లేకుంటే లేదు. ఒక్కసారి నాతోని మాట్లాడాలె. గంతె."

అంతే, నాకు పని దొరికింది.

ఆ శనివారమే బన్సీలాల్‌పేట్‌కు బయల్దేరాను. చెత్తతో పూడిపోయిన పాత బావి దాటాక ఎడమవైపు సందు. తలుపు తీసింది అమ్మమ్మ. నేను ఎవరినో, ఎందుకొచ్చానో చెప్పాక ఆవిడ నన్ను కూర్చోమనలేదు.

"నా బిడ్డ వాని పరేషాన్ల మనాదివడి సచ్చింది మేడం. ఇగ ఈ పిల్లొక్కతున్నది. దీన్ని సుత చంపుకోమంటరా?" అంది. తలుపు వేసేసింది.

ఆవిడ తప్పేం లేదు. నేనే ఆ చోట ఉంటే బకెట్టు నీళ్ళు కూడా పోసేదాన్ని. సందు మలుపు దాకా వచ్చేసరికి వెనక నుంచి పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంది. స్టేషన్ దగ్గర జిరాక్స్ షాపులో పనిచేస్తుందట. రొప్పుతూ ఒకటే అడిగింది.

"ఆయన మంచిగున్నడా?"

ఆ ఒక్క ప్రశ్నను పట్టుకుని నేను ఎంత దూరం పోవాలో అంత దూరం పోయాను. వారం వారం ఆ జిరాక్స్ షాపుకు వెళ్ళేదాన్ని. ఊరికే వెళితే ఓనరు ముఖం చిట్లిస్తాడని నా పెన్షన్ కాగితాలు జిరాక్స్ తీయించేదాన్ని. ఇప్పటికీ మా బీరువాలో అవి కట్టలుగా పడున్నాయి. మిషన్ నడుస్తుండగా ఆ పిల్లకు చెప్పేదాన్ని, మీ నాన్న ఎంత మారాడో, ఎంత నిమ్మళించాడో, ఎలా చాపలు చుడతాడో, ఎలా కళ్ళు మూసుకుని కూర్చుంటాడో. అన్నీ నేనే చెప్పాను. ఆ పిల్ల వింటూ కాగితాలు తిప్పేది. నాలుగోసారి వెళ్ళినప్పుడు, "వస్త మేడం" అంది. "ఇంటికి తీస్కపోతా అంటే అమ్మమ్మ ఒప్పుకోదు. గేటు కాడికి వస్త. మాట్లాడుత."

బుధవారం ఈ మాట అతనికి చెప్పాను. చాప సగం చుట్టినవాడు అలాగే నేలమీద కూర్చుండిపోయాడు. తర్వాత లేచి ఆ చాప మళ్ళీ మొదటినుంచి చుట్టాడు.

విడుదల దగ్గరపడిన వాళ్ళతో, బయట ఎదురయ్యే మాటలను ముందుగానే ఆడించి చూపే పద్ధతి ఒకటుంది. ఒకరు ఇంటివాళ్ళుగా నిలబడతారు, ఇంకొకరు జైలు నుంచి వచ్చినవాళ్ళుగా. అతని విషయంలో కూతురి వేషం నేనే కట్టాను. ఎదురుగా నిలబడి, "ఎందుకొచ్చావు?" అన్నాను. అంతే. అతని మెడమీద నరాలు లేచాయి. "నీ కోసం గాకుంటే ఇంకెవని కోసమే?" అని ఒక్క అరుపు అరిచాడు. వార్డరు లాఠీ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. అప్పటికే ఇతను తల పట్టుకుని గోడవారన కూలబడ్డాడు.

"గిట్లనే అయితది టీచరమ్మా. బిడ్డ ముంగట గిట్లనే ఒర్లుత నేను."

"అవ్వదు," అన్నాను. "నేను చెప్పినట్టు చెయ్యి. ఆ పిల్ల ఏ మాటైనా అననీ, మొదటి మాటకు జవాబు చెప్పొద్దు. కళ్ళు మూసుకో. మూడు శ్వాసలు లెక్కపెట్టు. తర్వాతే నోరు తెరువు."

ఎక్కం వల్లె వేయించినట్టు వల్లె వేయించాను. ఐదు వారాలు. "ఎందుకొచ్చావు", "నా ముఖం ఎలా చూస్తున్నావు", "మా అమ్మ నీవల్లే పోయింది", ఎన్ని రకాలుగా అనొచ్చో అన్ని రకాలుగా అన్నాను. ప్రతిదానికీ అతను కళ్ళు మూసి, మూడు శ్వాసలు తీసి, తెరిచి, మెల్లగా జవాబు చెప్పేవాడు. ఎంత అలవాటైందంటే, మామూలు మాటలకు కూడా అలాగే చేసేవాడు. తోటి ఖైదీలు ఆటపట్టించేవాళ్ళు. "అన్నా తిన్నవా అని అడిగితే జవాబు వచ్చేటాలకు కూర సల్లారుతున్నది టీచరమ్మా" అనేవాళ్ళు. అతనూ నవ్వేవాడు. ఆ నవ్వు చూసి నా పాఠం ఫలించిందనుకున్నాను. ఇంతమంది పిల్లల్ని పాస్ చేయించిన దానికి ఎవరికి ఏం నేర్పాలో నాకు తెలియదా అనుకున్నాను.

జాబితా వచ్చింది. అతని పేరుంది.

ఆ పొద్దున నేనూ ఆ పిల్లా గేటు ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడ్డాం. పిల్ల లేత ఆకుపచ్చ డ్రెస్ వేసుకుంది. కొత్తది. టీ తాగమంటే వద్దంది. పదకొండు దాటాక చిన్న తలుపు తెరుచుకుంది. ఒక్కొక్కరే తల వంచుకుని బయటికి వచ్చారు. ఎవరి చేతిలో చూసినా ఒక గుడ్డసంచి. అతను నాలుగోవాడు. బయటికొచ్చి ఎటు నడవాలో తెలియనట్టు నిలబడిపోయాడు. నేను చెయ్యి ఊపాను. ఆ పిల్లే ముందు నడిచింది. నేను చెప్పకుండానే నడిచింది. అప్పుడు నా శ్వాసలు నేనే లెక్క తప్పాను.

రెండడుగుల దూరంలో ఆగింది. అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"బాగున్నవా నాయినా?" అంది.

మేం ఆడించిన మాటల్లో ఇది లేదు. ఇన్ని రకాలుగా తిట్టిన నాకు, ఆ పిల్ల కుశలం అడుగుతుందని తోచలేదు. అతని ముఖం ఒక్కసారి వణికింది. సంచి కిందికి జారింది. రెండు చేతులూ పిడికిళ్ళు బిగిశాయి, ఏడుపు ఆపుకోవడానికే అని ఇప్పుడు తెలుసు. చెప్పిన పాఠం చెప్పినట్టు, అతను కళ్ళు మూసుకున్నాడు. రొమ్ము నిండా ఊపిరి తీసుకున్నాడు.

ఆ పిల్ల ఒక అడుగు వెనక్కి వేసింది. రెండో శ్వాసకు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మూడోదానికి వెనక్కి తిరిగి పరుగెత్తింది. రోడ్డు మీద పోతున్న ఆటోకు చెయ్యెత్తి, అది ఆగీ ఆగకముందే ఎక్కేసింది. నేను పిలిచాను. వినిపించుకోలేదు.

అతను లెక్కగా మూడు శ్వాసలు తీసి, కళ్ళు తెరిచాడు. ముఖంలో నవ్వు కూడా సిద్ధం చేసుకుని తెరిచాడు. ఎదురుగా నేనే ఉన్నాను.

"బిడ్డేది టీచరమ్మా?"

"వెళ్ళిపోయింది బాబూ."

"నేనేమనలే గద?"

"ఏమీ అనలేదు."

"మూడే లెక్కవెట్టిన టీచరమ్మా. ఎక్కువ సుత పెట్టలే."

అతన్ని బోయిన్‌పల్లి మార్కెట్‌కు నేనే తీసుకెళ్ళాను. పాత మేస్త్రీ ఒకతను గుర్తుపట్టాడు. ఖాళీ గోనెసంచులు పెట్టే షెడ్డులో పడుకోనిచ్చాడు, పనీ ఇచ్చాడు. నేను బయల్దేరబోతుంటే, "జెర అడుగుండ్రి. నేనేం తప్పు చేసిన్నో జెర అడుగుండ్రి" అన్నాడు.

రెండురోజులాగి జిరాక్స్ షాపుకు వెళ్ళాను. నిజం చెప్పాలంటే ఆ పిల్ల మీద కోపంతో వెళ్ళాను. ఇంత కష్టపడి ఇక్కడిదాకా తెస్తే ఇలా చేస్తుందా అని. మధ్యాహ్నం అన్నం వేళ. షాపు వెనక మెట్లమీద, మూత తీయని డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను అడగడానికి నోరు తెరిచేలోపే చెప్పడం మొదలుపెట్టింది. తల ఎత్తకుండా, ఒకే గొంతుతో చెప్పింది.

"ఆ రోజు సుత గంతె మేడం. కాక తాగొచ్చిండు. ఏందో అన్నడు. నాయిన ఒర్లలేదు, ఏం చేయలేదు. కండ్లు మూసుకుండు. గట్టిగ ఊపిరి తీసుకుండు. నాయినకు నిద్రొస్తున్నదనుకున్న నేను. జెరసేపటికి కండ్లు తెరిచిండు. తెరిచి కొట్టిండు." డబ్బా మూత గట్టిగా నొక్కింది. "నేను ఉరుకుదామని ఉరకలే మేడం. ఆయన కండ్లు మూసేటాలకు నా కాళ్ళే ఉరికినయ్."

నేను ఆ మెట్టుమీద ఆ పిల్ల పక్కన కూర్చున్నాను. ఆ గదిలో జరిగింది చూసినవాళ్ళలో ఇప్పుడు బతికున్నది ఇద్దరే. ఒకరికి ఆర్నెల్లు పాఠం చెప్పాను. రెండోవాళ్ళను ఒక్క ప్రశ్న అడగలేదు. నాలుగుసార్లు ఈ షాపుకొచ్చి గంటలు గంటలు వాగాను, ఆ రోజు నువ్వేం చూశావమ్మా అని అడగడానికి నాకు తీరిక లేకపోయింది. కళ్ళు మూసుకోనంటే మూసుకోనని అతను ఏడు వారాలు మొత్తుకుంటే, దానికీ ఒక కారణం ఉంటుందని తోచలేదు. నామీద నాకే అసహ్యం వేసింది. ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేయబోయి, వేయకుండా తీసేసుకున్నాను.

ఆ బుధవారం క్లాసులో అందరినీ కళ్ళు తెరిచే కూర్చోమన్నాను. ఎందుకని ఎవరూ అడగలేదు. అక్కడ ఎందుకని అడిగే అలవాటు ఎవరికీ లేదు.

అతనికి ఈ సంగతి చెప్పాలా వద్దా అని వారం ఆలోచించాను. చెప్పొద్దని ఆ పిల్ల అనలేదు. చెప్పమనీ అనలేదు. తప్పేమిటో తెలియకపోతే దిద్దుకునేది ఎలా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. బళ్ళో ముప్ఫై నాలుగేళ్ళూ నమ్మిన సూత్రం అదే మరి. మార్కెట్‌లో వేలంపాట ముగిసి, జనం పలచబడ్డ వేళకు వెళ్ళాను. అతను గోనెసంచుల మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు. నన్ను చూసి ఆర్పేశాడు. చెప్పాను. ఆ పిల్ల చెప్పింది చెప్పినట్టే, ఒక మాట ఎక్కువా తక్కువా లేకుండా.

వింటున్నంతసేపూ అతను కళ్ళు మూయలేదు. తెరిచిన కళ్ళలోంచే నీళ్ళు కారాయి.

"నేను కండ్లు మూసిన్నని నాకు యాదికే లేదు టీచరమ్మా" అన్నాడు చివరికి. "నాకు దెబ్బ యాదికున్నది. కొక్కెం యాదికున్నది. కండ్లు యాదికి లేవు. బిడ్డకున్నయి. గంత చిన్నపిల్ల, ఒక్కతే మోసింది."

"మెల్లగా సర్దుకుంటుంది బాబూ. నేను మాట్లాడతాను."

"వద్దు." మొదటిసారి నామాటకు అడ్డం వచ్చాడు. "మీరొక పని చేయుండ్రి. నేను ఊర్లె లేనని చెప్పుండ్రి. యాడికో పోయిండు, ఇగ రాడు అని చెప్పుండ్రి. ఆమె షాపుకు పోయేటప్పుడు, బస్టాపుల నిలవడ్డప్పుడు, నేను యాడ కనవడుతనో అని భయపడుకుంట తిరగొద్దు."

"అబద్ధం చెప్పమంటావా నన్ను?" అన్నాను. నా గొంతు లేచింది. "జన్మలో ఎవరికీ అబద్ధం చెప్పలేదు నేను. ఊళ్ళో ఉన్నవాణ్ణి లేడని చెప్పను. అది నావల్ల కాదు."

అతను తల ఊపాడు. "సరే తియ్యుండ్రి టీచరమ్మా. మీకు తక్లీఫ్ ఎందుకు" అన్నాడు. లేచి నా కోసం ఎక్కడినుంచో నాలుగు టమాటాలు తెచ్చి సంచీలో వేశాడు. నేను వద్దనలేదు. ఇంటికొచ్చి పప్పులో వేసుకుని తిన్నాను కూడా.

తర్వాత మూడు వారాలు అటు పోలేదు. ఈసారైనా కాస్త ఊరుకుందామనుకున్నాను. మూడో ఆదివారం ఆరాధన ముగించుకుని ఇంటికొచ్చేసరికి, ఆ పిల్ల మా గేటు దగ్గర నిలబడి ఉంది. అడ్రసు నా పెన్షన్ కాగితాల మీద చూసిందట.

"మేడం, మా నాయిన కాడికి తీస్కపోతరా?" అంది. "రోజు అదే ఆలోచన. గేటు కాడ కండ్లు తెరిచినంక ఆయన ఎట్ల అయిండో అని. నేను లేకపాయె గద అక్కడ. ఇప్పుడు సుత భయమైతది మేడం. అయితే కానియ్. మీరు పక్కనుండుండ్రి. నేను ఉరకకుండ నిలవడుత."

చీరె కూడా మార్చుకోలేదు నేను. ఉన్నపళంగా ఆటో ఎక్కాం. దారిలో ఆ పిల్ల ఏం మాట్లాడాలో తనలో తనే అనుకుంటోంది, పెదవులు కదులుతున్నాయి. నేనేమీ నేర్పలేదు. ఆటోలో ముందున్న కమ్మీ పట్టుకుని, ప్రభువా, ప్రభువా అనుకుంటూ కూర్చున్నాను. ఆ పూట నాకు ఏ శ్వాసా గుర్తు రాలేదు.

షెడ్డులో అతను లేడు. మేస్త్రీ లెక్క చూసుకుంటున్నవాడల్లా లేచి వచ్చాడు.

"ఆయన పోయిండు గదమ్మా. శుక్రారం పొద్దుగాల మదనపల్లె టమాటా లారీ ఖాళీగ వాపస్ పోతుంటే ఎక్కిండు. వద్దురా, ఈడ పని మంచిగనే నడుస్తున్నది గద అన్న. ఇనలే."

"మదనపల్లెలోనే ఉంటానన్నాడా?"

"గాడ దిగి ఇంకా అవతలికి పోత అన్నడు. యాడికో చెప్పలే. ఫోన్ సుత లేదు ఆయన తాన." మేస్త్రీ తువ్వాలుతో ముఖం తుడుచుకుని నావైపు చూశాడు. "టీచరమ్మ అంటే మీరేనా? ఆమె అబద్ధమాడదంట, ఆమెతోని అబద్ధం చెప్పిచ్చుడు ఎందుకు, నేనే పోతే అయిపాయె అన్నడు. నాకేం సమజ్ కాలే."

నాకు అర్థమైంది. ఆ పిల్ల నావైపు తిరిగింది.

"ఏం అబద్ధం మేడం?"

"ఊళ్ళో లేనని నీతో చెప్పమన్నాడు. నువ్వు భయం లేకుండా తిరగాలని. నేను చెప్పనన్నాను."

"నేను భయపడుతున్ననని ఆయనకు ఎట్ల ఎరకైంది?"

దాటేయడానికి దారి లేదు.

"నేనే చెప్పానమ్మా. ఆ రోజు నువ్వు చూసింది, నాతో చెప్పింది, అంతా చెప్పాను."

ఆ పిల్ల నన్ను తిట్టలేదు. తిడితే బాగుండునని ఎంత కోరుకున్నానో దేవుడికే తెలుసు. కాసేపు నా ముఖంలోకి చూసి, లోపలికి నడిచి, తండ్రి పడుకునే చోటేదని మేస్త్రీని అడిగింది. అతను చూపించాడు. గోడవారన నాలుగు గోనెసంచులు పరిచి ఉన్నాయి. ఆ పిల్ల వాటిమీద కూర్చుని, మోకాళ్ళు దగ్గరికి లాక్కుంది.

"మీరు పోండ్రి మేడం," అంది. "నేను జెరసేపు ఈడ ఉంట."